మిత్రునకుఁ బంపఁదగిన పాట

వత్సరాంతమున మిత్రులు తమకు నచ్చిన పాటల పట్టికలను ఒకరికొకరు పంపుకొనుట నేఁడు వాడుకయైనది. ఇది మంచి వాడుకయే. ఒంటరిగా వినిన పాటకంటె పంచుకొని వినిన పాట యెక్కువ రుచించును గదా. అయితే ఆ పట్టికను సిద్ధపఱచుచున్న దెవరు?

స్పాటిఫై వంటి సంస్థలు ఏటేటను "మీరు మిక్కిలిగా వినిన పాటలివి" యని లెక్కకట్టి చూపుచున్నవి. యంత్రము వినిన మారులను లెక్కింపఁగలదు గాని ప్రీతిని తూఁచఁజాలదు. పనివేళ ఊరక మ్రోగిన పాట నూఱు మారులు వినఁబడియుండును. దుఃఖదినమున మనల నోదార్చిన పాట యొక్కమారే వినఁబడియుండును.

నిమిషమునకు 78 చుట్లు తిరుగు పూర్వపు గ్రామఫోను ప్లేటు ఒక్కొక్క ప్రక్క సుమారు 3 నిమిషముల పాటనే పట్టెడిది. కావున ఏది వినిపింపవలెనో యెన్నుకొనక తీరెడిది కాదు. ఇప్పుడు 50 పాటలనైనను క్షణములోఁ బంపవచ్చును. పుచ్చుకొనువాఁడు తఱచుగా ఒక్కటియు వినఁడు.

విద్యార్థులారా, మూఁడు పాటలనే యెన్నుకొనుఁడు. ఒక్కొక్కటి మీకేల నచ్చెనో రెండేసి వాక్యములు స్వయముగా వ్రాయుఁడు. పాడినవారి పేర్లతోపాటు కవి పేరును, స్వరకర్త పేరును చేర్చుఁడు. 2023వ సంవత్సరమున "నాటు నాటు" పాటకు వచ్చిన ఆస్కారు బహుమానము స్వరకర్తయగు కీరవాణికిని, కవియగు చంద్రబోసునకును ఈయఁబడినది. పాటకు మూలపురుషులు వారే.

పిమ్మట మిత్రుఁడు పంపిన పాటలను కడవఱకు వినుఁడు. మన పాట యెట్లున్నదని యడుగుటకు ముందు అతని పాటను వినుట స్నేహధర్మము.