అప్పుగా తెచ్చిన బలము

కువైట్ నగరమునకు దక్షిణమున సముద్రతీరమందు షుఐబా అను పారిశ్రామిక ప్రాంతము కలదు. 1968లో పని ప్రారంభించిన అచ్చటి నూనెశుద్ధి కర్మాగారము 2017లో మూతపడినను, రేవును, విద్యుత్కేంద్రమును, రసాయన కర్మాగారములును నేటికిని నడచుచున్నవి. కువైటునకు పోవు తెలుగువారిలో కడప ప్రాంతమువారును, గోదావరి జిల్లాలవారును ఎక్కువ. మన పెద్దలు 1903 మొదలుకొని మదరాసులో ఓడలెక్కి ఫిజీ చెఱకు తోటలకు వచ్చిరి. కాలము వేఱు, ఒడంబడిక వేఱు; ఎండలో ఒడలు వంచి ఇంటివారిని పోషించువాని అలసట మాత్రము ఒక్కటియే. కావుననే ఆ దూరదేశపు మాట మన ముంగిటి మాట యని తలంచి వ్రాయుచున్నాము.

అలసినవానికి ‘ఇది వేసికొనుము, నిద్ర రాదు, బలము వచ్చును’ అని ఒక మాత్రను చేతిలో పెట్టువారు లోకమున ఎల్లప్పుడును ఉన్నారు. అరబ్బు దేశములలో ఆ మాత్రకు కాప్టగాన్ అని పేరు. అది 1961లో జర్మనీయందు ఔషధముగా తయారైనది. దురుపయోగము పెరుగుటచే 1986లో అంతర్జాతీయ నియంత్రణకు లోనైనది. నేడు ఆ పేరుతో దొంగచాటుగా అమ్ముడగు మాత్రలలో ప్రధానముగా ఉండునది యాంఫెటమిన్. ‘ఐస్’ అనబడు మెథాంఫెటమిన్ దాని జ్ఞాతియే.

ఈ మందు బలమునిచ్చునా? ఇయ్యదు. మన మెదడునందు నాడీకణములు ఒకదానితో నొకటి కొన్ని ద్రవ్యముల మూలమున మాటలాడుకొనును. వానిలో డోపమైన్ ఉత్సాహమును, ఆసక్తిని, కదలికను నడపును. నారడ్రినలిన్ మెలకువను, గుండెవేగమును పెంచును. పని తీరినపిదప కణము తాను విడిచిన ద్రవ్యమును మరల లోనికి తీసికొని దాచుకొనును. యాంఫెటమిన్ ఆ ద్వారముననే లోపల ప్రవేశించి, దాచిన ద్రవ్యమును బయటకు నెట్టించును. కొట్టులోని ధాన్యమంతయు ఒక్క రాత్రియందు వాకిట పోసినట్లగును. ఆ రాత్రి ఇంట కలిమి కనబడును. మఱునాడు కొట్టు వెలితియగును. పిదప వచ్చు నీరసము, దిగులు, చిరాకు ఆ వెలితియే. అది తీర్చుకొనుటకు మరల మాత్ర, ఈసారి ఎక్కువ మోతాదు. వ్యసనము ఈ విధముగా పాదుకొనును.

తేనీరుకూడ మెలకువనిచ్చునుగదా యని కొందఱందురు. తేనీటిలోని కెఫీన్ నిద్రమత్తును తెలుపు సంకేతమును కొంతసేపు అడ్డగించును, కొట్టును కొల్లగొట్టదు. రెంటిని ఒక్క త్రాసున తూచుట తగదు.

‘వీడు త్రాగి పడిపోవుట లేదు, పనియే చేయుచున్నాడు, దోషమేమి?’ అను మాట ఇంతకంటె ప్రమాదకరము. అలసట శత్రువు కాదు, కావలివాడు. కువైట్ ప్రభుత్వము జూను 1 నుండి ఆగస్టు 31 వరకు పగలు 11 గంటలనుండి 4 గంటలవరకు ఆరుబయట పనిని నిషేధించినది. శరీరమునకు హద్దు కలదని శాసనమే ఒప్పుకొన్నది. 2016 జూలైలో కువైటులోని మిత్రిబాహ్‌లో 53.9 డిగ్రీల వేడి నమోదైనది. అట్టి దేశమున ఈ మందు దేహోష్ణమును పెంచును, రక్తనాళములను బిగించును, గుండెను పరుగెత్తించును. పైగా ‘ఇక చాలు’ అను లోపలి కేకను వినబడనీయదు. వడదెబ్బ, గుండెపోటు, మెదడులో రక్తస్రావము ఆ మౌనమున సంభవించును. దినములకొలది నిద్రలేనివానికి లేని మాటలు వినబడును. తోడివారు కుట్ర పన్నుచున్నారని తోచును.

కువైటులో 2025 డిసెంబరున అమలులోనికి వచ్చిన క్రొత్త శాసనము మాదకద్రవ్య వ్యాపారులకు మరణదండన వఱకు శిక్ష విధించుచున్నది. పరదేశము పోవువాడు ఇతరులిచ్చిన పొట్లమును, అది పచ్చడి యన్నను మందు లన్నను, తాను విప్పి చూడనిదే మోయరాదు. ఈ జాగ్రత్తను ప్రయాణమునకు ముందే ఇంటివారు చెప్పవలెను.

ఇది గల్ఫువారి గొడవ యని మనము ఊరకుండుటకు వీలులేదు. 2024 జనవరిలో ఫిజీలోని నాడీ ప్రాంతమున నాలుగు టన్నులకు పైగా మెథాంఫెటమిన్ పట్టుబడినది. సూది పంచుకొనుటవలన హెచ్.ఐ.వి. వ్యాపించుచుండగా, 2025 జనవరిలో ఆ ప్రభుత్వము దానిని వ్యాధివిజృంభణముగా ప్రకటించినది.

మా అభిప్రాయము స్పష్టము. అమ్మువానిని శాసనమునకు అప్పగింపుడు. చిక్కినవానిని వైద్యునికి అప్పగింపుడు. వానిని గడప దాటించి తలుపు మూసిన ఇల్లు తన పరువును కాపాడుకొనదు, బిడ్డను పోగొట్టుకొనును. మందు మానినవారి మెదడులో క్షీణించిన భాగములు ఏడాదికి పైగా గడచిన పిమ్మట కొంతవఱకు కోలుకొనునని వైద్యపరిశోధనలు తెలుపుచున్నవి. ఆ ఏడాది వానికి తోడుండవలసినది ఇంటివారు. దూరమందున్నవానికి ఫోను చేసినపుడు ‘ఎంత పంపితివి?’ అనుటకు ముందు ‘ఎన్ని గంటలు నిద్రించితివి?’ అని అడుగుడు. దేహమునకు నిజమైన బలమునిచ్చునవి అన్నము, నీరు, నిద్ర. తక్కినది వడ్డీకి తెచ్చిన అప్పు.