శల్యసారథ్యము వలదు

భారతము చదివినవారికెల్ల శల్యుని కథ తెలిసియే యుండును. కర్ణుని రథము తోలుటకు ఒప్పుకొని, యుద్ధము నడుచుచుండగనే అతనిని కించపఱచుచు, అర్జునుని పొగడుచు, ఆ వీరుని ధైర్యమును సడలించినవా డాతడు. అందువలననే ప్రక్కనుండి నీరుగార్చువారిని చూచి లోకము శల్యసారథ్య మనుచుండును. నిరుడు మేము మా కన్నబిడ్డకే శల్యసారథ్యము చేసితిమి. ఆటలాడు పిల్లలున్న యిండ్లలో నిది తఱచుగ జరుగునదే గావున, సిగ్గు విడిచి ఆ సంగతి యీ మాసము మనవి చేయుచున్నాము.

మా రెండవ అమ్మాయికి పదుమూడేండ్లు. షటిల్ చక్కగ నాడును. జిల్లా పాఠశాలల పోటీలకు బయలుదేరు ఉదయమున మేము దానితో, "మీ నాన్నగారు బడిపంతులు. నలుగురిలో మన పేరు నిలుపవలె సుమా!" అంటిమి. మూడవ ఆట విరామమున నీళ్ళిచ్చుచు, "ఇంతవఱకు వచ్చి పోగొట్టుకొనకు" అంటిమి. లెక్క 19–19 అయినది. వేయిమార్లు తప్పక చేసిన సర్వీసు వలకు తగిలి క్రింద పడినది. తరువాతి దెబ్బ గీత దాటి పోయినది. తిరుగు బస్సులో మే మడిగిన మొదటి మాట, "ఆ సర్వీసెందుకు పాడుచేసితివి?" అని. పిల్ల కిటికీవైపు తిరిగి కూర్చున్నది. మూడు దినములు రాకెట్టు ముట్టలేదు.

నాలుగవనాడు ఆటల పంతులమ్మ మా యింటికి వచ్చినది. "అమ్మగారూ, మీ అమ్మాయి చేతికి సాధన కొఱత లేదు. మనస్సునకే సాధన లేదు" అన్నది. మాకు బోధపడలేదు. ఆమె నవ్వి, "పెండ్లిచూపులనాడు పాట పాడుమన్నపుడు మీ కేమైనది?" అని యడిగినది. నిజమే! నిత్యము వంటయింట పాడుకొను కీర్తనయే ఆనాడు చరణముకడ గొంతు దిగిపోయినది. బాగుగ నలవాటైన పనిని చేయి గాని గొంతు గాని తమంతట తామే చేసికొనును. "తప్పిన నేమగునో" యను భయము పుట్టగనే మనస్సు మధ్య జొరబడి, చేయి యెట్లు కదలుచున్నదా యని కాపలా కాయ మొదలిడును. గుండె వేగిరపడును, ఊపిరి పైపైన నాడును, కండలు బిగియును. అప్పుడు వచ్చిన విద్యయే రాకపోవును.

దీనికి ఆమె చెప్పిన సాధనలు మూడు. మొదటిది ఊపిరి. నాలుగు లెక్కించునంతసేపు పీల్చి, ఆఱు లెక్కించునంతసేపు విడువవలెను. విడుచుట దీర్ఘమైనచో గుండె వేగము నెమ్మదించును. రెండవది క్రమము. ప్రతి సర్వీసునకు ముందు ఒకే తీరున రెండడుగులు వెనుకకు వేసి, రాకెట్టు తీగలను వ్రేళ్ళతో సరిచేసికొని, ఒక ఊపిరి తీసి, "మెల్లగ" అని మనసులో ననుకొని ఆపై సర్వీసు చేయవలెను. లెక్క 2 అయినను 20 అయినను ఈ క్రమము మారరాదు. మూడవది భావన. నిద్రకు ముందు కన్నులు మూసికొని కోర్టును, చేతిలోని పిడిని, షటిలు వలమీదుగ జాఱి పడుటను మనస్సున చూడవలెను. తప్పిన సర్వీసును, దాని వెనుక తాను కుదుటపడుటనుగూడ చూడవలెను. ఇవి పోటీనాటి ఉదయమున నేర్చుకొనునవి కావు. దినమునకు కొద్ది నిమిషములైనను వారములతరబడి చేయవలసినవి. జట్టుగ నాడు పిల్లలు మఱియొకటి ముందే యేర్పఱచుకొనవలెను: తప్పు చేసినదానివంక ఎవ్వరును కోపముగ చూడక, చేయి కలిపి "తరువాతిది" అని సాగిపోవుట.

ఇది మన పెద్దలకు తెలియనిది కాదు. ద్రోణుడు పరీక్షించినపుడు తక్కినవారికి చెట్టును, చుట్టునున్నవారును కనబడగా, అర్జునునకు పక్షి శిరస్సొక్కటియే కనబడినది. అతని చూపు గుఱిమీద నున్నది గాని బహుమానముమీద లేదు.

నేటి దృష్టాంతమును గూడ వినుడు. 2024లో సింగపూరున ప్రపంచ చదరంగ పీఠమునకై చైనావాడగు డింగ్ లిరెన్‌తో తలపడిన దొమ్మరాజు గుకేశ్ చెన్నపట్టణమున పుట్టిన తెలుగింటి బిడ్డ. మొదటి ఆటయే ఓడిపోయెను. పండ్రెండవ దానిని గూడ ఓడెను. అయినను పదునాలుగవ ఆటలో గెలిచి 18 ఏండ్లకే జగజ్జేత యయ్యెను. ఆ పోటీకి అతని మనస్సును సిద్ధము చేయుటలో తోడ్పడినవాడు దక్షిణాఫ్రికాకు చెందిన ప్యాడీ అప్టన్. 2011లో ప్రపంచకప్పు గెలిచిన మన క్రికెట్ జట్టుతోను ఆయన పనిచేసియుండెను. ఓడిన ఆటను తరువాతి ఆటలోనికి మోసికొనిపోకుండుటయు అభ్యాసమువలన వచ్చు విద్యయే యని దీనివలన తెలియుచున్నది.

పంతులమ్మ వెళ్ళుచు వెళ్ళుచు, "ఈ మూడును అమ్మాయికి. నాలుగవది మీకు. పోవునపుడు 'ఆడి రామ్మా' అనుడు. వచ్చిన తరువాత అది నోరు విప్పువఱకు ఏమియు నడుగకుడు" అన్నది. ఆ మాట యెంత విలువైనదో 2025లో మాకు తెలిసినది. మహిళల ప్రపంచకప్పు క్రికెట్‌లో ఆస్ట్రేలియాపై 127 పరుగులు చేసి, ఓడిపోకుండ నిలిచి, భారతమును తుదిపోటీకి చేర్చిన జెమీమా రోడ్రిగ్స్, ఆ పోటీల తొలిదినములలో ఆందోళన తాళలేక తల్లికి ఫోను చేసి ఏడ్చుచుండెడిదాన నని తానే చెప్పుకొన్నది. అంతటి ఆటగత్తెకును ఏడ్చుటకొక చోటు కావలసివచ్చినది. ఆ చోటు అమ్మయైనది. మా పిల్లకు బస్సు కిటికీ యైనది!

ఈ యేడు జిల్లా పోటీలలో మా అమ్మాయి సర్వీసు మరల నొకమారు వలకు తగిలినది. మా గుండె గుభేలుమన్నది. నోటికి వచ్చిన మాటను మ్రింగితిమి. పిల్ల రెండడుగులు వెనుకకు వేసినది, తీగలు సరిచేసికొన్నది, పెదవి కదలినది. ఆ పైని సర్వీసు వెండ్రుకవాసి యెత్తున వల దాటినది. పందెము మాత్రము ఓడినది. బస్సులో మేమేమియు నడుగలేదు. సగము దారిలో తానే, "అమ్మా, ఆ అమ్మాయి వెనుకకు కొట్టు దెబ్బ యెంత బాగున్నది! నేనును నేర్చుకొందును" అన్నది. మరునాడు ప్రొద్దున్నే రాకెట్టు తీసికొని వెళ్ళినది.

పిల్లకు భయము వారములతరబడి వదలక, నిద్రాహారములు తప్పుచున్నచో, అది యిల్లాలి మాటలతో తీరునది కాదు; జాగు చేయక వైద్యునకు చూపవలెను. తక్కిన దినములలో మనకు జాంబవంతుడే ఆదర్శము. సముద్రతీరమున మౌనముగ కూర్చున్న హనుమంతునకు అతడు క్రొత్త బలము నీయలేదు, ఉన్న బలమును జ్ఞప్తికి తెచ్చెను. ఆటకు పోవు బిడ్డ వాకిట చెప్పులు తొడుగుకొనునపుడు మన నోట జాంబవంతుని మాట వచ్చునో, శల్యుని మాట వచ్చునో సోదరీమణులు యోచింతురు గాక.