మనం నవాబుల వారసులం కాదు



సెలవులొస్తే మన ఖాందాన్లలో ఎవరో ఒకరు హైదరాబాద్ బయల్దేరతారు. పొద్దున టూర్ బస్సెక్కి చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, కుతుబ్‌షాహీ గుంబజులు అన్నీ ఒక్క రోజులో చుట్టేసి, రాత్రికి కాళ్లు పట్టుకుంటూ దిగుతారు. పోయిన నెల మా ఖాలా కుటుంబంతో నేనూ ఎక్కాను. నా షికాయత్ బస్సు ఏసీ మీద కాదు, పెట్టిన భోజనం మీదా కాదు. పొద్దుట్నుంచి రాత్రి దాకా మైకులో మన గురించి వినిపించిన కథ మీద.

ఆ కథలో ముసల్మాన్ అంటే నవాబ్. వజ్రాన్ని పేపర్‌వెయిట్‌గా వాడినవాడు, లెక్కలేనంత మంది బేగంలు ఉన్నవాడు, మాషూఖా కోసం ఊరు కట్టినవాడు, రామభక్తుణ్ణి ఖైదు చేసినవాడు. అయితే ఐష్, లేకపోతే జుల్మ్. ఈ రెండింటి మధ్య ఇంకో మనిషి లేడు.

గోల్కొండలో రామదాసు బందీఖానా దగ్గర గైడ్ సాబ్ గొంతు పెంచాడు. "ముస్లిం రాజు" అన్న మాటను ప్రత్యేకంగా నొక్కాడు. చుట్టూ ఉన్న నలుగురూ మా ఖాలా బురఖా వైపు చూశారు. ఖాలాది నంద్యాల. ఖాలూ లారీలకు పంక్చర్లు వేసి ముగ్గురు పిల్లల్ని చదివించాడు. తానాషా చేసిన దానికి ఆమె ఏం జవాబ్ చెప్పాలి?

పోనీ, ఆ కిస్సా అయినా పూరాగా చెప్పాడా? కంచర్ల గోపన్న తహసీల్దారు. వసూలు చేసిన సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడన్నది అతని మీద ఇల్జాం. అప్పుడు హుకూమత్ నడుపుతున్నది తానాషా వజీర్లు మాదన్న, అక్కన్న. గోపన్నకు వాళ్లు మేనమామలని అంటారు. శ్రీరామనవమికి సర్కారు నుంచి ముత్యాల తలంబ్రాలు వెళ్లే రివాజును జనం ఇప్పటికీ తానాషా పేరుతోనే ముడిపెడతారు. 1687లో గోల్కొండను కూల్చింది ఎవరు? ఔరంగజేబు. తానాషాను దౌలతాబాద్ కోటలో ఖైదు చేస్తే అక్కడే ఇంతెఖాల్ అయ్యాడు. ఆయన కబర్ ఖుల్దాబాద్‌లో ఉంది, తన ఖాందాన్ గుంబజుల మధ్య లేదు. ఖైదు చేయించిన బాద్షా ఖైదులోనే పోయాడు, అదీ ఇంకో ముసల్మాన్ బాద్షా చేతిలో. ఇది చెబితే "వాళ్లు, మనం" అనే కథ అక్కడే కూలిపోతుంది. అందుకే చెప్పరేమోనని నా షక్.

ఇక తెలుగు సంగతి. ఉర్దూ మీడియం బడి నుంచి వచ్చి తెలుగు డిగ్రీలో చేరిన నాకు, మొదటి అచ్చతెలుగు కావ్యం 'యయాతి చరిత్ర'ను పొన్నెగంటి తెలగన్న పటాన్‌చెరు అధికారి అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడని పాఠంలో చదివిన రోజు ఈద్ లాగే ఉంది. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. కొడుకు ముహమ్మద్ కులీ 1591లో చార్మినార్ కట్టించాడు, దక్కనీలో దీవాన్ రాశాడు. బస్సులో అందరూ తెలుగువాళ్లే, గైడూ తెలుగువాడే. ఇందులో ఒక్క ముక్క కూడా మైకులో రాలేదు. బదులుగా భాగమతి ఇష్క్ గురించి ఇరవై నిమిషాలు. ఆ కిస్సా నిజమేనా అని హారూన్ ఖాన్ షేర్వానీ వంటి తారీఖ్‌కారులే సవాల్ చేశారు. నగరానికి నక్షా గీసిన మీర్ మోమిన్ పేరు మాత్రం రాదు. ఆయన దాయరా పాతబస్తీలోనే ఉంది, బస్సు అటు తిరగదు.

పేపర్‌వెయిట్ వజ్రం సంగతీ అంతే. జాకబ్ డైమండ్‌ను భారత ప్రభుత్వం 1995లో కొనేసింది. మీరు చూడలేరు, నేనూ చూడలేను. కానీ 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో మొదలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కళ్లముందే ఉన్నాయి. డాక్టరీ, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పిన ఉస్మానియా యూనివర్సిటీ ఉంది, దాని కోసం పుస్తకాలు తర్జుమా చేయించిన దారుల్ తర్జుమా ఒకప్పుడు ఉండేది. ఇవి కథలు కావా?

నవాబుల తారీఫ్ చేయమని అడగడం లేదు. జాగీర్దారీ వెట్టి నిజం, రజాకార్ల జుల్మ్ నిజం. చెప్పండి, దాచొద్దు. అయితే రజాకార్లకు ఎదురు రాసినందుకు 1948 ఆగస్టులో నడిరోడ్డు మీద ఖతల్ అయిన 'ఇమ్రోజ్' ఎడిటర్ షోయబుల్లా ఖాన్ పేరు కూడా చెప్పండి. ఆయనా ముసల్మానే. నాలాంటి అఖ్బార్ మనిషే.

లాడ్‌బజార్‌లో ముప్పావు గంట షాపింగ్‌కు వదిలారు. గాజుల బేరం బాగా నడిచింది. బొగ్గుల సెగ మీద లక్కను కరిగించి, సాగదీసి, రాళ్లు ఒక్కొక్కటే అద్దే కారీగర్లు ఆ వెనక గల్లీల్లోనే ఉంటారు. 2024లో ఆ గాజులకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మైకులో వాళ్ల ఊసే లేదు. మన పిల్లలకు అసలు చుట్టాలు వాళ్లు. నిజాం కాదు.

"సార్, జనానికి మసాలా కావాలి, టైం లేదు" అన్నాడు గైడ్, నేను అడిగితే. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టించడానికి పదిహేను నిమిషాలు దొరికాయి కదా భాయ్! పాపం అతనిది నౌకరీ, పైవాళ్లు రాసిచ్చిందే చదువుతాడు. నా గుస్సా రాసిచ్చినవాళ్ల మీద. కాస్త మన మీద కూడా. బేగంల జోకులకు బస్సులో అందరికంటే గట్టిగా నవ్వింది మనవాళ్లే.

ఈసారి టికెట్ డబ్బు కట్టే ముందు ఒక్క సవాల్ వేయండి: గుంబజుల దగ్గర హయాత్ బక్షీ బేగం మఖ్బరా చూపిస్తారా? ముహమ్మద్ కులీకి బేటీ, తర్వాతి సుల్తాన్‌కు బీవీ, ఆ తర్వాతి సుల్తాన్‌కు అమ్మీ. హయత్‌నగర్ ఆమె పేరే. జవాబ్ రాకపోతే ఆటో మాట్లాడుకోండి. పిల్లల్ని ముందు అక్కడికే తీసుకెళ్లండి, ఎండ ఎక్కకముందే.