మబ్బును జూచి ముంత నొలకబోయవలదు



మన గ్రామ సహకార సంఘములలో నేడొక క్రొత్త ప్రశ్న బయలుదేరినది. సంఘముయొక్క రోకడ పుస్తకము, ఆవర్జా, అప్పుల ఖాతాలు, ఎరువుల నిలువపట్టీ మున్నగునవి చిరకాలము మన బీరువాలో మన తాళముక్రింద నుండెడివి. ఇపుడవి క్రమముగా క్లౌడు అనబడు దూరపు యంత్రశాలలకు చేరుచున్నవి. దీనివలన సర్వసౌఖ్యములు కలుగునని కొందఱును, మన గుట్టు పరులపాలగునని కొందఱును వాదించుచున్నారు. ఈ రెండు పక్షములవారును సగము సత్యమునే చెప్పుచున్నారని మా యభిప్రాయము. రైతు చెల్లించిన ప్రతి రూపాయకును ఆ లెక్కలే సాక్ష్యము గనుక, విషయమును సావధానముగ విచారింపవలసియున్నది.

క్లౌడనగా మేఘమని యర్థము. పేరు మేఘమే గాని వస్తువు ఆకాశమున లేదు. వేలకొలది కంప్యూటర్లను వరుసలుగా పేర్చి, రేయింబవళ్లు విద్యుచ్ఛక్తి నిచ్చి, చల్లబఱచుచు కాపాడెడి గొప్ప కట్టడములే యవి. అమెజాను కంపెనీవారి యట్టి శాలలు ముంబయిలో 2016 నుండియు, హైదరాబాదులో 2022 నుండియు పనిచేయుచున్నవి. వడ్లను సొంత గాదెలో పోసికొనుటకు బదులు గిడ్డంగిలో నద్దెకు నిలువచేసి రసీదు పుచ్చుకొనుట యెట్టిదో, లెక్కలను క్లౌడులో నుంచుటయు నట్టిదే. గాదె కట్టు ఖర్చు తప్పును. కాని కావలి పరునిచేతిలో నుండును. లాభమును నష్టమును ఈ యొక్క మాటలోనే యిమిడియున్నవి.

మొదట లాభములను జూతము. కాగితపు పుస్తకములకు చెదలు శత్రువు, వాన శత్రువు, నిప్పు శత్రువు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు నీట మునిగినవి. అట్టి వరదలో నానిన చిట్టా పుటలు మరల చదువుటకు రావు. లెక్కలు వేఱొకచోట గూడ నుండినచో ఊరు మునిగినను అవి మునుగవు. రెండవది, చిన్న బియ్యపు మరకును, ఎరువుల దుకాణమునకును, పాల సంఘమునకును వేలు పోసి యంత్రము కొని, అది చెడినపుడెల్ల పట్టణమునుండి మరమ్మతువానిని పిలిపించు శక్తి యుండదు. అద్దె పద్ధతిలో పనికి తగినంత సొమ్మే చెల్లును. మూడవది, పద్దు వ్రాసినవారెవరో, ఏ దినమున ఏ గంటకు వ్రాసిరో యంత్రము గుర్తుంచుకొనగలదు. పాత పుస్తకముల కాలమున మన సంఘములు నిష్కళంకములుగ నుండెనని చెప్పువారు వెనుకటి తేదీలు వేసి వ్రాసిన పద్దులను, చినిగిన పుటలను, చనిపోయినవారి పేర నిచ్చిన అప్పులను మఱచుచున్నారు.

పైగా వ్యవసాయ పరపతి సంఘములకు ఈ మార్పు వలదనుటకు వీలును తక్కువ. దేశములోని 63,000 ప్రాథమిక సంఘములను కంప్యూటరు పద్ధతికి మార్చుటకై కేంద్రప్రభుత్వమువారు 2022 జూన్ నెలలో 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించిరి. నాబార్డువారి యాజమాన్యమున నడచు నా పథకములోని ఉమ్మడి లెక్కల పద్ధతి క్లౌడుమీద నాధారపడినదే. కావున చేరుటయా మానుటయా యను చర్చకంటె, చేరి యెట్లు మెలగవలయునను చర్చయే మనకు ప్రయోజనకరము.

ఇక నపాయములు. 2024 జూలై నెలాఖరున మన దేశమున చిన్న బ్యాంకులకు యంత్రసహాయ మొనర్చు నొక కంపెనీపై దొంగలు దాడిచేసి, లెక్కలకు తాళమువేసి సొమ్మడుగు ప్రయత్నము చేసిరి. ఆ తెగులు వ్యాపింపకుండుటకై జాతీయ చెల్లింపుల సంస్థవారు ఆ కంపెనీని వేఱుచేయగా, సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపు లాగిపోయెను. మఱునాటికి దారి తెఱచిరి. ఆ బ్యాంకులు తప్పుచేయలేదు. ఒకే గిడ్డంగిని నమ్ముకొన్నవి, అంతియే. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాంసు దేశములోని స్ట్రాస్‌బర్గు పట్టణమున నిట్టి శాల యొకటి యగ్నికాహుతియైనది. ఇంకొకచోట ప్రతి నుంచుకొనని పలువురు వర్తకుల లెక్కలు తిరిగి రాలేదు.

దీనికి బదులుచెప్పు మఱియొక దృష్టాంతము గలదు. 2024 మే నెలలో ఆస్ట్రేలియాలోని యొక పింఛను నిధియొక్క ఖాతా యావత్తు గూగిలు కంపెనీవారి పొరపాటున తుడుచుకొని పోయెను. ఆఱు లక్షలకు పైబడిన సభ్యులు ఇంచుమించు వారము దినములు తమ లెక్క చూడజాలకపోయిరి. అయినను నిధి నిలిచినది. ఏలయన, దాని యాజమాన్యమువారు వేఱొక కంపెనీవద్ద నింకొక ప్రతి నుంచియుండిరి. ఎంత గొప్ప కంపెనీ యైనను తప్పుచేయవచ్చును. రెండవ ప్రతి గలవాడు మాత్రము బ్రతుకును.

దారి తెగుట యింకొక యపాయము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు దీపములును టెలిఫోనులును దినములకొలది లేకపోయెను. అట్టి సమయమున లెక్క లెచ్చట భద్రముగ నున్నను, వానిని చూచు మార్గ ముండదు. తుపాను వచ్చిన వారమే రైతునకు విత్తనములు కావలసిన వారము గదా!

కాని వీనియన్నింటికంటె దగ్గఱి యపాయము మన కార్యాలయములోనే యున్నది. గిడ్డంగి గోడలకు కంపెనీవారు పూచీ; తాళపుచెవికి మనమే పూచీ. కార్యదర్శి తన రహస్యపదమును కాగితముమీద వ్రాసి బల్లకు అంటించినను, ఎరువుల రద్దీలో తీఱికలేక తన ఫోనుకు వచ్చిన అంకెలను ప్రక్కనున్న కుఱ్ఱవానికి చెప్పినను, ఏ మేఘమును మనలను కాపాడదు. అపుడు వ్రాయబడిన దొంగ పద్దు కార్యదర్శి పేరనే నిలిచియుండును. సభ్యుల ఆధారు సంఖ్యలును, భూమి వివరములును, అప్పుల మొత్తములును మనచేతిలో నున్న నిక్షేపములు. అట్టి వివరములను తగిన భద్రతతో కాపాడవలయునని 2023 సంవత్సరపు చట్టము విధించుచున్నది; పనిని వేఱొకరికి గుత్తకిచ్చినంతమాత్రమున సంఘమునకు బాధ్యత తీఱదు.

కావున మేము సూచించునవి యివి.

మొదటిది: ప్రతి మాసాంతమున సభ్యులవారీగ నిలువలను అచ్చుతీసి, అధ్యక్షుడును కార్యదర్శియును చేవ్రాలుచేసి బీరువాలో నుంచవలయును. లెక్కల పూర్తి ప్రతి నొకదానిని చిన్న పేటికలో నెక్కించి వేఱొక భవనమున భద్రపఱచవలయును. ఏటికొకసారి యా ప్రతిని తెఱచి చదువవచ్చునో లేదో చూడవలయును. విత్తనపు వడ్లను పరుల గిడ్డంగికి పంపు రైతు గలడా?

రెండవది: పనిచేయు ప్రతివానికిని వేఱు పేరు, వేఱు రహస్యపదము నుండవలయును. అప్పు మంజూరు పద్దును ఒకరు వ్రాయగా నింకొకరు ధ్రువపఱుపవలయును. ఉద్యోగి మాఱిన దినముననే వాని పదమును రద్దుచేయవలయును.

మూడవది: ఎరువుల దుకాణమునకో మరకో సంఘము స్వయముగ క్లౌడు నద్దెకు తీసికొనునపుడు ఒడంబడిక వ్రాతమూలకముగ నుండవలయును. లెక్కలు సంఘమువే యనియు, విడిచిపోవునపుడు ఇతర యంత్రములును చదువగల రూపమున వానిని తిరిగి యప్పగింతుమనియు, అద్దె పెంచునపుడు ముందుగా తెలుపుదుమనియు అందుండవలయును. మొదటి యేడు చౌకగ నిచ్చి, లెక్కలన్నియు చేరిన వెనుక అద్దె పెంచు బేరములు లేకపోలేదు.

నాలుగవది: దారి తెగిన దినములకై సంఖ్యలు వేసిన రసీదు పుస్తకములు సిద్ధముగ నుండవలయును. దారి కలిసిన వెనుక ఆ రసీదులను వరుస తప్పక యంత్రమున నెక్కింపవలయును.

ఐదవది: సభ్యుని పాసుపుస్తకమును మానరాదు. ఫోనుకు వచ్చు వార్త చాలునందురు. కాని ఫోను లేని వితంతువును, చదువురాని కౌలురైతును మన సభ్యులే. చెల్లించిన సొమ్ము వారిచేతి పుస్తకములో నుండవలయును.

దీనివలన పని రెట్టింపగునని కొందఱందురు. ప్రతి పద్దును రెండుమాఱులు వ్రాయుమని మేము చెప్పుటలేదు. మాసమునకు పూటెడు పనియు, కొన్ని కాగితములును మాత్రమే ఖర్చు. ఒక్క వివాదము న్యాయస్థానమున కెక్కినచో నగు ఖర్చుతో పోల్చిన నిది లెక్కింపదగినది కాదు.

మబ్బును జూచి ముంతలోని నీరొలకబోసికొన్నవాని సామెత మనమందఱ మెఱుగుదుము. ఆ సామెత మబ్బును నిందించుటలేదు. మబ్బు రావలయును, వాన కురియవలయును. కాని ముంతయు నిండుగ నుండవలయును. రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సభ్యుడును లేచి, మన లెక్కల రెండవ ప్రతి యెచ్చట నున్నదని కార్యవర్గము నడుగవలసినదిగ కోరుచున్నాము. వెంటనే చూపగలిగిన కార్యవర్గము మెచ్చదగినది. చూపలేనిచో నా దినముననే తీర్మానము చేయించుట సభ్యుల ధర్మము.