ఆంప్ చౌకే.. రిపేరు ఎవరు చేస్తారు?

రీల్‌లో ఓ చిన్న కంపెనీ ఆంప్లిఫయర్ కనిపిస్తుంది. సౌండ్ అదిరిపోద్ది, ధర పెద్ద బ్రాండ్ కన్నా బాగా తక్కువ. ఆర్డర్ పెట్టే ముందు ఒక్క ప్రశ్న. మూడేళ్ల తర్వాత ఇది పాడైతే, మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఉన్న మీరు ఎవరి దగ్గరికి పోతారు?

చిన్న తయారీదారులంటే మోసగాళ్లని కాదు. చాలాసార్లు వాళ్ల బాక్సే రిపేరుకు సులువు. లోపల మామూలు ట్రాన్స్‌ఫార్మర్, బయట దొరికే ట్రాన్సిస్టర్లు, టీడీఏ 7294 లాంటి ఐసీలు ఉంటే మన ఊరి మెకానిక్కే విప్పి చూస్తాడు. పార్టులు హైదరాబాద్ కోఠి నుంచి తెప్పిస్తాడు. చిక్కంతా ఐసీ మీద నంబర్ గీకేసిన బోర్డులతో, సొంత సాఫ్ట్‌వేర్ ఎక్కించిన చిప్పులతో. అవి పోతే తయారుచేసినాయన తప్ప ఇంకెవరూ ముట్టుకోలేరు. ఆయన షాపు మూసేస్తే బాక్సు అటకెక్కాల్సిందే.

ఇక మన ఎండలు. లోపలి వేడి 10 డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. అవి 85 డిగ్రీలవా, 105 డిగ్రీలవా అడగండి. 105వే మేలు.

ఫోన్లో చెప్పిన ‘రెండేళ్ల వారంటీ’ మార్కాపురం పలక మీద రాసినట్టే, తుడిస్తే పోతుంది. బిల్లు మీద రాయించుకోండి. కరెంటు హెచ్చుతగ్గులకు కాలితే వర్తిస్తుందా? కొరియర్ ఖర్చు ఎవరిది? ఇవీ అందులో ఉండాలి.

పెద్ద బ్రాండ్ 18,000, చిన్నది 12,000 అనుకుందాం. మిగిలిన 6,000 లాభం కాదు, రిపేరు డబ్బు. దాన్ని పక్కన పెట్టగలిగితేనే కొనండి.

గొడవొస్తే ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. అమ్మినవాళ్ల ఊరికి తిరగక్కర్లేదు. గడువు రెండేళ్లు. 5 లక్షల లోపు కొనుగోలైతే ఫీజు కూడా లేదు. కానీ కంపెనీయే లేకుండా పోతే, గెలిచినా వసూలు కష్టం.

అందుకే డబ్బు పంపకముందే లోపలి బోర్డు ఫొటో అడగండి. దాన్ని మీ ఊరి మెకానిక్‌కు చూపించండి. ‘పోతే నేను చేస్తాలే’ అంటే ధైర్యంగా కొనేయండి. తల అడ్డంగా ఊపితే, తర్వాతి రీల్‌కు వెళ్లిపోండి.