వాక్యమే గీటురాయి

గండికోట జలాశయంలో 26.85 టీఎంసీల నీరు నిలపడానికి మా కొండాపురం మండలంలో ఎన్నో ఊళ్లు లేచిపోయాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. పొలం పోయింది, ఇల్లు పోయింది, మనం మోకరించిన మందిరాలు కూడా పోయాయి. వాటికి బదులుగా చేతికి పరిహారం సొమ్ము వచ్చింది. సొమ్ముతోపాటు, అంతకుముందు ఎన్నడూ ఎరుగని కొందరు బోధకులు కూడా గడపలోకి వచ్చారు.

అలాంటి ఒకాయన మా ఎరుకలోని ఒక విధవరాలైన అవ్వ దగ్గరకు వచ్చి, పరిహారంలో కొంత ‘ప్రథమఫలం’గా ఇస్తే కుమారుని రోగం పోతుందనీ, ఇవ్వకపోతే శాపం తగులుతుందనీ చెప్పాడు. అవ్వకు చదువు రాదు. అయితే రోజూ రాత్రి భోజనాలయ్యాక మనుమడు ఒక అధ్యాయం చదువుతాడు, ఆమె వింటుంది. ఆ వారం వారు రాజుల రెండవ గ్రంథం ఐదో అధ్యాయానికి వచ్చారు. నయమాను కుష్ఠు పోగొట్టుకొని కానుకలు తెస్తే ఎలీషా ఒక్కటి కూడా ముట్టలేదు. వెనుక పరుగెత్తి పుచ్చుకొన్న గేహజీకి మాత్రం ఆ కుష్ఠే అంటుకొంది. “ఎలీషా వద్దన్నాడంట కదా నాయనా, ఈయనెందుకు అడుగుతాండాడు?” అని అవ్వ మమ్మల్ని అడిగింది. ఏ వేదాంత కళాశాల పట్టా లేని ఆ అవ్వ అబద్ధ బోధను పట్టుకొంది. ఎలా? ప్రతి రాత్రి విన్న ఒక్కొక్క అధ్యాయమే ఆమెకు గీటురాయి అయింది.

ప్రియులారా, అబద్ధ ప్రవక్తలు గొర్రెల వేషంలోనే వస్తారని ప్రభువు ముందుగానే హెచ్చరించాడు (మత్తయి 7:15). తోడేలు తోడేలులాగే వస్తే ఎవరూ మోసపోరు. బోధకుని నోట వచనాలు ఉన్నంత మాత్రాన సరిపోదు. అరణ్యంలో శోధకుడు కూడా 91వ కీర్తనలోని వచనాన్నే ఎత్తి చూపాడు. యేసు దానికి మరొక వచనంతో జవాబిచ్చాడు (మత్తయి 4:6, 7). ఒక్క వచనం మాత్రమే తెలిసినవాడు ఆ ఉచ్చులో పడతాడు. లేఖనమంతా ఎరిగినవాడు తప్పించుకొంటాడు. అద్భుతం జరిగినా అదొక్కటే రుజువు కాదు. సూచక క్రియ నెరవేరినప్పటికీ, అది దేవునినుండి మనలను తొలగిస్తే ఆ ప్రవక్త మాట వినకూడదని మోషే ఆజ్ఞాపించాడు (ద్వితీయోపదేశకాండము 13:1–3).

లోకచరిత్ర కూడా ఇదే చెబుతోంది. అమెరికాలో జిమ్ జోన్స్ అనే బోధకుడు స్వస్థత కూటాలతో, పేదల సేవతో పేరు తెచ్చుకొన్నాడు. పోనుపోను సభలోనే బైబిలును కించపరిచాడని అతని గుంపులోనుండి బయటపడినవారు సాక్ష్యమిచ్చారు. అప్పటికే జనం వాక్యాన్ని వదిలి మనిషిని పట్టుకొన్నారు. 1978 నవంబరు 18న గయానా అడవుల్లో 900 మందికి పైగా ప్రాణాలు పోయాయి. వారిలో పసిపిల్లలు వందలమంది. మరొక బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21న ప్రభువు వస్తాడని రేడియోలో ప్రకటించాడు. నమ్మినవారిలో కొందరు దాచుకొన్న సొమ్మంతా ఆ ప్రచారానికే ఖర్చుపెట్టారు. ఆ దినము ఎవరికీ తెలియదన్న ప్రభువు మాట (మత్తయి 24:36) గుండెలో ఉంటే వారి సొమ్ము మిగిలేది. మన దేశంలోనే, స్వస్థత కూటాలతో వేలమందిని ఆకర్షించిన పంజాబు బోధకుడు బజీందర్ సింగ్‌కు 2025 ఏప్రిల్‌లో మొహాలీ న్యాయస్థానం అత్యాచార నేరం కింద యావజ్జీవ శిక్ష విధించింది.

ఇలా మాట్లాడితే వెంటనే ఒక వచనం అడ్డం వేస్తారు: దేవుని అభిషిక్తులను ముట్టకూడదు కదా అని. 105వ కీర్తన తెరచి పైనా కిందా చదవండి. అక్కడ అభిషిక్తులు ఊరూరా తిరిగిన పరదేశులైన మన పితరులు. హెచ్చరిక వారికి హాని చేయగల రాజులకు. బలహీనులను కాపాడడానికి ఇచ్చిన మాటను బలవంతుడు తన డాలుగా పట్టుకోవడం న్యాయమా? అంతెందుకు, పేతురు తప్పు చేసినప్పుడు పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు (గలతీ 2:11). బెరయవారు ఆ పౌలు బోధనే దినదినము లేఖనాలతో సరిచూశారు. అందుకు పరిశుద్ధ గ్రంథం వారిని ఘనులని మెచ్చుకొంది (అపొ. కార్యములు 17:11).

ప్రార్థనతో స్వస్థత లేదని మేము అనడం లేదు. కానుక ఇవ్వవద్దనీ అనడం లేదు. లండన్ మిషనరీ సొసైటీవారు 1822లో కడపలో పని మొదలుపెట్టారు. తరువాత వారే జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి కట్టారు. ప్రార్థనా చేశారు, మందూ ఇచ్చారు. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే. కనుక షుగరు మాత్రలు, టీబీ మందులు మానేయమనే బోధకుని మాట వినకండి. కానుక విషయంలోనూ అంతే. సణుక్కోకుండా, బలవంతం లేకుండా ఇవ్వమన్నాడు పౌలు. యెరూషలేము పేదల కోసం పోగైన చందాను కూడా ఆయన ఒంటరిగా మోయలేదు, నింద రాకుండా ఇతరులను వెంట పెట్టుకొన్నాడు (2 కొరింథీ 8:20, 21). లెక్క అడిగితే శాపం పెట్టేవాడు పౌలు అడుగుజాడల్లో నడిచేవాడు కాడు.

తప్పు మనలోనూ ఉంది. దురద చెవులకు ఇంపైన బోధకులను జనమే పోగుచేసుకొంటారని పౌలు రాశాడు (2 తిమోతి 4:3). వాక్యం చదవడానికి పావుగంట దొరకదు, జోస్యం వినడానికి మాత్రం బస్సెక్కి ఎంత దూరమైనా పోతాం. బైబిలును బట్ట చుట్టి బల్లపై పెడితే అది మనలను కాపాడదు.

మన చేతిలోని ఈ గ్రంథం ఊరకే రాలేదు. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు భాష నేర్చుకొని, ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి సహాయంతో సువార్తలను తెనిగించారు. 1812లో మొదటి మూడు సువార్తలు అచ్చయ్యే నాటికి ఆ ఇద్దరు మిషనరీలూ, క్రాన్, డెస్ గ్రాంజెస్, ఈ నేలపైనే కన్నుమూశారు. మన పితరులు తమంతట తామే చదివి తెలుసుకోవాలని వారు ప్రాణం ధారపోశారు.

కనుక ఈ వారమే మొదలుపెడదాం. మార్కు సువార్త 16 అధ్యాయాలే. రోజుకొకటి చొప్పున, వచనాలు ఏరుకోకుండా, మొదటినుండి చివరివరకు ఇంటిల్లిపాదీ చదవండి. చదువు రాని పెద్దలకు పిల్లలు చదివి వినిపించండి. ఆదివారం కాపరి చెప్పిన వాక్యభాగాన్ని ఇంట్లో మళ్లీ తెరచి చూడండి. నిజమైన కాపరి దానికి సంతోషిస్తాడు. కోపగించుకొనేవాడు ఎవరో మీకే తెలుస్తుంది.

అవ్వ ఆ సొమ్ము ఇవ్వలేదు. కుమారుణ్ణి ప్రొద్దుటూరు తీసుకుపోయి వైద్యం చేయించింది. కుమారుడు ఇంకా మందులు వాడుతూనే ఉన్నాడు. ఆ ఇంట్లో రాత్రి అధ్యాయం మాత్రం ఆగలేదు.