రుచులు వాళ్ళవి, రెక్కలు మనవి

"మా ఇంట్లో తలకో కూర చెయ్యాల్సిందే వదినా!" అని మురిసిపోతూ చెప్పే ఇల్లాలు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. మా తిరుమలాయపాలెంలో వీధికి ముగ్గురున్నారు. వాళ్ళ గొంతులో విసుగు కంటే గర్వమే ఎక్కువ వినిపిస్తుంది. ఆ గర్వంతోనే నా పోట్లాట.

ముందు ఆ కూరల సంగతి చూద్దాం. మామగారికి షుగరు, రాత్రికి జొన్నరొట్టె కావాలి. అత్తమ్మకు బీపీ, ఉప్పు తగ్గాలి. పైగా శనివారం "నాకియ్యాల ఒక్కపొద్దు బిడ్డా" అంటుంది. ఇంటాయనకు ముక్క లేనిదే ముద్ద దిగదు. హాస్టల్లో చదివి వచ్చిన కొడుక్కి వంకాయ పేరు చెబితేనే మొహం మాడిపోతుంది. కూతురు సన్నబడాలని అన్నం మానేసింది. మానేసింది సరే, దాని బదులు ఏం తినాలో మాత్రం అమ్మే కనిపెట్టాలి! ఇన్ని లెక్కలు తేల్చి, అందరికీ వడ్డించి, చివరికి ఆ తల్లి ఏం తింటుంది? ఎవరు ఏది వదిలేస్తే అది. పొద్దుటి రొట్టె ముక్క, గిన్నెకంటుకున్న పులుసు, ఎవరూ ముట్టని వంకాయ కూర. ఆమెకు ఏ కూర ఇష్టమో ఆ ఇంట్లో ఒక్కరినైనా అడిగి చూడండి, తడుముకుంటారు.

ఇదేదో శాకాహారానికీ మాంసాహారానికీ తగవనుకునేరు. మన దగ్గర ఆ తగవెక్కడిది? రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో జరిపిన సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవాళ్ళే. మన తగవంతా వారాలతో. సోమవారం శివయ్య, గురువారం సాయిబాబా, శనివారం వెంకన్న. ఒకే ఇంట్లో ఒకరికి ఒక్కపొద్దు రోజు ఇంకొకరికి కోడికూర రోజవుతుంది. వంటింట్లో గోడకు క్యాలెండరు ఊరికే వేలాడటం లేదు మరి.

ఇక కార్తీకం వచ్చిందంటే చెప్పొద్దూ! ఇంటాయన అయ్యప్ప మాల వేస్తాడు. దేవుడితో నాకేం పేచీ లేదు. చన్నీళ్ళ స్నానం, నేలమీద పడక, చెప్పుల్లేని నడక, అన్నీ కష్టమే, ఒప్పుకుంటాను. కానీ ఆయన కంటే గంట ముందు లేచి, తలస్నానం చేసి, పొయ్యి కడిగి, వేరే గిన్నెల్లో ఉల్లీ వెల్లుల్లీ తగలకుండా వండిపెట్టే మనిషి ఎవరు? మాల వేసుకున్నది ఆయన, మండలం చేసేది ఆవిడ. 41 రోజులు ఆయన్ను ఊరంతా స్వామీ అంటుంది. ఆవిడనూ మాతా అంటారు లెండి, భిక్ష ఎంతవరకు వచ్చిందని అడిగేటప్పుడు.

పిల్లలు దీక్షలో లేరు కదా, వాళ్ళకు గుడ్డు కూర కావాలి. అది పెరట్లో రెండో పొయ్యి మీద, వేరే చట్టిలో. పైగా మా వైపు ఇదే రోజుల్లో పత్తి తీతలు. కూలికి పోయే ఆడవాళ్ళు పొద్దున్నే సద్ది కట్టుకుని ఆటో ఎక్కాలి. రెండు పొయ్యిలు, రెండు జతల గిన్నెలు, ఆ పైన చీకటిపడేదాకా పత్తిచేను. ఇంతా చేసి ఆమె సద్దిలో ఉండేది అన్నమూ, తొక్కూ. ఇష్టాయిష్టాలు లేని ఒకే ఒక్క గిన్నె అదే.

కేంద్రప్రభుత్వం 2024లో జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్ళయితే 88 నిమిషాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్ళలో, 15 నుంచి 49 ఏళ్ళవాళ్ళను చూస్తే, నూటికి 57 మందికి పైగా రక్తహీనత. దానికి సవాలక్ష కారణాలుంటాయి, నిజమే. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటుకు అందులో వాటా లేదని ఎవరైనా అంటే, ఆ మాట నా ఎదురుగా వచ్చి చెప్పమనండి.

అసలు ఈ వేర్వేరు వంటల్లో సగానికి అవసరమే లేదు. జొన్నరొట్టె సంగతే తీసుకోండి. ఒకప్పుడు మెట్ట ఊళ్ళలో పెద్దా చిన్నా అందరికీ జొన్నలే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పేదింట్లోనూ మూడు పూటలా తెల్లన్నం ఉడికింది. ఆకలి తీరింది, మంచిదే. 2025 ఉగాది నుంచి రేషన్లో సన్నబియ్యమే ఇస్తున్నారు, మనిషికి 6 కిలోలు. అంతా బియ్యం వైపు నడిచాక డాక్టరు గారు అదే జొన్నను మామగారి ఒక్కరికీ మందుగా రాసిచ్చారు! షుగరున్నవాళ్ళకు మంచిదైన రొట్టె మిగతావాళ్ళకు విషమా? రాత్రిపూట ఇంటిల్లిపాదికీ అదే చేస్తే ఒక వంట తగ్గుతుంది. ఉప్పూ అంతే. పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాములు, అంటే చెంచాడు, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. బీపీ ఉన్న అత్తమ్మకనే ఏముంది, అందరికీ ఆ కొలతే కదా? కూరలో ఉప్పు తగ్గించి వండండి, చాలనివాళ్ళు పళ్ళెంలో కలుపుకుంటారు.

పత్రికల్లో సలహాలు రాసేవాళ్ళు వేరే దారి చెబుతారు. రాత్రే కూరలు తరిగి పెట్టుకోండి, పప్పు ఒకటే ఉడికించి మూడు రకాల పోపులు వెయ్యండి అని. తెలివైన సలహాలే, కాదనను. కానీ ఆ తరిగేదీ మనమే, ఆ మూడు పోపులూ మనమే. తెలివి పెరిగినకొద్దీ పని పెరిగే ఉద్యోగం ఇదొక్కటే కాబోలు.

"ప్రేమతో వండిపెడితే తప్పేముంది?" అనే అత్తలూ ఉన్నారు. ప్రేమకు నాలుగు గిన్నెలెందుకమ్మా? శ్రీరామనవమికి భద్రాచలం పోతే పానకం, వడపప్పు ఏది చేతిలో పెడితే అది కళ్ళకద్దుకుని తింటాం. బెల్లం గిట్టదని అక్కడ ఎవరూ మొహం తిప్పుకోరే!

మగవాళ్ళకు వంట రాదన్న మాట నేను నమ్మను. మామిడితోటలో దావతంటే మేక కూర, బగారన్నం వండేది ఎవరు? పెళ్ళిళ్ళలో గరిటె తిప్పేది ఎవరు? శబరిమల దారిలో బండి ఆపి, చెట్టుకింద రాళ్ళ పొయ్యి పెట్టి వండుకునేది స్వాములేగా? అక్కడ ఆడిన చెయ్యి ఇంటికొచ్చేసరికి ఎందుకు పడిపోతుందో వాళ్ళే చెప్పాలి.

కనుక అమ్మలూ, ఒక పప్పు, ఒక కూర, పెరుగు, తొక్కు. ఆ కూర కూడా వారంలో ఒకరోజు మీకిష్టమైనదే వండండి, వేడిగా ఉన్నప్పుడే అందరితో పాటు కూర్చుని తినండి. ఆపైన వేరే కావాలన్నవాళ్ళకు పొయ్యి ఉంది, జొన్నపిండి డబ్బా ఎక్కడుందో చూపించండి. మాల వేసుకునే ఆయనకు ఆ 41 రోజులూ వేరే గిన్నెలు తీసి ఇవ్వండి, తోముకోవడానికి పీచుతో సహా. వంకాయ గిట్టని అబ్బాయి సంగతంటారా, ఆవకాయ జాడీ అటక మీదేం లేదుగా, చేతికందేంత ఎత్తులోనే ఉంది.